త్రవ్వినవాడును పూడిక తీసినవాడును

తెలుగు దేశమున పెద్దలు సప్తసంతానములను చెప్పిరి. పుత్రుడు, కృతి, నిధి, దేవాలయము, అగ్రహారము, వనము, తటాకము అను నీ యేడును మనుష్యుని పేరును అతని యనంతరము నిలుపునని వారి భావము. వీనిలో అడుగకయే అందఱికిని ఉపకరించునది తటాకము. కృతిని చదువు నేర్చినవాడే చదువును. అగ్రహారము పుచ్చుకొన్నవానికే దక్కును. చెరువులో మాత్రము పశువు త్రాగును, పక్షి త్రాగును, బాటసారి కాళ్లు కడుగుకొనును, దిగువ పొలము పండును, ఊరి బావిలో నీరు ఊరును. కనుకనే రాజులు, రాణులు, మంత్రులు, వర్తకులు చెరువులు త్రవ్వించి శాసనములు వేయించుకొనిరి.

అయితే బిడ్డను కనుటకును పెంచుటకును భేదము కలదు. చెరువును కన్నవారి పేరులు రాతిమీద నున్నవి. ఏటేట వేసవిలో తట్ట నెత్తికెత్తుకొని అడుగున చేరిన ఒండ్రును మోసినవారి పేరులు ఎక్కడను లేవు. త్రవ్వించుట సంతానమైనచో పూడిక తీయుట ఏమి? దానికి పుణ్యము కలదా? లేనిచో మనుష్యుడు దాని నెందులకు చేయవలెను? జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల చెరువులను చూచినవారికి ఈ ప్రశ్న పండితగోష్ఠికి మాత్రమే చెందినది కాదని తెలియును.

ఈ సీమను కృష్ణాజిల్లా మెట్ట యందురు. 2022 ఏప్రిల్ నుండి ఇది ఎన్టీఆర్ జిల్లాలో చేరినను జనుల నోట పాత పేరే నిలిచియున్నది. డెల్టాలో వలె ఇచట కాలువ ప్రక్కన కాలువ లేదు. వైరా, కట్టలేరులను కలుపుకొని మునేరును, పడమటి వైపున పాలేరును కృష్ణలో పడును. ఈ యేఱులు వానకాలమున పొంగును, వేసవిలో ఇసుక తేలును. నేల నల్లరేగడి, నడుమ నడుమ ఎఱ్ఱచెలక, క్రింద సున్నపురాయి. ఇట్టి చోట పడిన నీటిని ఆపి దాచుకొనుటకు పూర్వులకు చెరువు తప్ప వేఱు గతి లేకుండెను.

ఇచటి గతచరిత్ర యంతయు పేరు నిలుపుకొన్నవారి చరిత్రయే. జగ్గయ్యపేట ధనంబోడు గుట్టమీది బౌద్ధస్తూపమును 1882లో బర్జెస్ దొర పరిశోధించినపుడు ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలపు శాసనములు లభించినవి. స్తంభములు నిలిపినవాడు రాజు కాడు, సిద్ధార్థుడను శిల్పి. చేతిపని చేసి బ్రతికినవాడును తన పేరు రాతిమీద నుండవలెనని కోరెను! తరువాతి కాలమున నందిగామ, మధిర ప్రాంతములు నతవాడి ప్రభువుల యేలుబడిలో నుండెను. ఆ వంశపు రుద్రుని భార్యయు, కాకతి గణపతిదేవుని సోదరియునైన మైలాంబ బయ్యారమున ధర్మకీర్తి సముద్రమను చెరువు త్రవ్వించెను. కాకతీయుల వంశక్రమమును నిర్ణయించుటకు చరిత్రకారులకు మిక్కిలి తోడ్పడిన శాసనము ఆ చెరువుగట్టుమీదిదే. ఒక చెరువు ఒక రాజవంశపు జ్ఞాపకమును కాపాడినది. పిమ్మట వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు బేతవోలు వద్ద పేట కట్టి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టెను.

శాసనములలో పూడిక మాట యెంత వెనుకబడినదో తెలిసికొనుటకు కడప సీమలోని పోరుమామిళ్ల శాసనమును చూడవచ్చును. క్రీ.శ. 1369లో విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన దది. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము ఆ చెరువునకు పట్టినవని అందు కలదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములను ఆ శాసనము లెక్కించినది. ధర్మమును కీర్తిని కోరు ప్రభువు, జలశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీటి యేఱు, కొండల నడుమ రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, రాతిగని, దిగువన సారవంతమైన పొలము, నేర్పరులైన పనివారు మొదలగునవి యవి. ఆఱు దోషములను గూడ చెప్పినది. కట్టనుండి నీరూరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేర, నడుమ మెరక, నీరు తక్కువయై నేల ఎక్కువగుట, నేల తక్కువయై నీరు ఎక్కువగుట. ఎంత సూక్ష్మమైన పరిశీలన! అయినను ఆ పండ్రెండు అంగములలో ఏటేట పూడిక తీయువాడు లేడు. ఆ యాఱు దోషములలో పూడిక లేదు.

ఇది లేఖకుని మఱపు కాదు. ఆ కాలపు పుణ్యభావనయే అట్టిది.

వీరశైవులకు ఈ విషయమున ఒక కథ కలదు. సొన్నలిగె యను నేటి సోలాపురమున సిద్ధరాముడు గొప్ప చెరువు త్రవ్వించుచుండెను. శ్రీశైల మల్లికార్జునుని యందు భక్తి కుదిరిన యోగి యతడు. లింగములు ప్రతిష్ఠించి, ఆలయములు కట్టించి, వేలకొలది జనులచేత మట్టి త్రవ్వించి లోకోపకారము చేయుచుండగా అల్లమప్రభువు అటు వచ్చెను. వచ్చి, మీ వడ్డె సిద్ధరాము డెక్కడనని పనివారి నడిగెనట. గురువు నట్లు అవమానించినందుకు వారు రాళ్లు రువ్విరి. రాళ్లు అల్లమునకు తగులలేదు. సిద్ధరాముడు కోపమున వచ్చి ఫాలనేత్రమును తెఱచెను. ఆ మంట అల్లముని పాదములకడ చల్లారెను. పిదప సిద్ధరాముడు తన లోపము నెఱిగి, అల్లమునితో కల్యాణమునకు పోయి, చెన్నబసవేశ్వరునిచే లింగదీక్ష పొందెను. కన్నడమునందలి శూన్యసంపాదనెలో ఈ ఘట్టము విస్తారముగా నున్నది.

దీనిని విని కొందఱు, చెరువులు త్రవ్వుట జ్ఞానికి తగని పనియని అల్లముడు చెప్పెనందురు. ఈ యర్థము నిలువదు. కల్యాణమున కూడిన శరణులలో తాళ్లు పేనువాడు, బట్ట లుదుకువాడు, పడవ నడుపువాడు, చెప్పులు కుట్టువాడు ఉండిరి. వారి చేతిపనిని నీచమనక పూజగా నిలిపినది ఆ యనుభవమంటపమే. శరీరశ్రమను అంతగా గౌరవించిన సమాజమున పెద్దయైనవాడు చెరువు త్రవ్వుటను గర్హించునా? అల్లముడు గర్హించినది మట్టిని కాదు. మట్టిమీద వ్రాయదలచిన పేరును.

ఇంకొక మెట్టు దిగి యాలోచింపవలెను. పుణ్యమునకై చేసిన పని ఫలము చేతికి వచ్చిననాడు ముగియును. చెరువు నిండినది, శాసనము నిలిచినది, పుణ్యము జమ యైనది. మఱుసటి యేడు అతడు మరల అచటికి వచ్చి తట్ట పట్టుటకు కారణ మేమున్నది? ఉన్న చెరువును బాగుచేసినచో ఆ పేరు ముందువానికే పోవును. కనుక ధనవంతుడు పాతచెరువు పూడిపోవుచున్నను ప్రక్కన క్రొత్తచెరువు త్రవ్వించును, పాతగుడి కూలుచున్నను క్రొత్తగుడి కట్టించును. జీర్ణోద్ధరణమునకు రెట్టింపు ఫలమని ధర్మశాస్త్రకారులు ఆశ చూపినను దేశమంతట జరిగినది ఇదియే. లోపము మనుష్యునిలో కంటె, పుణ్యమను కొలతలో నున్నది. ఒక్కసారి జరిగిన పనిని అది కొలువగలదు. ప్రతిదినము జరుగవలసిన పనిని కొలువలేదు.

ఇష్టలింగపూజ అట్టిది కాదు. నిన్న చేసితిని గనుక నేడు మానుదునని యే భక్తుడును అనడు. ఈ జన్మమునకు సరిపడ పూజ ఒక్కమాఱే చేసి ముగింతునని అనడు. కాయకమును పూజతో సమానముగా నిలిపినవారు కాయకమునకు గూడ ఈ నిత్యత్వమునే ఇచ్చిరి. బసవేశ్వరుడు నిలిచియుండు దేవాలయముకంటె నడచు జంగమమును మిన్నగా నెంచుటయు ఈ దృష్టితోనే చూడవలెను. చెరువుకట్ట స్థావరము, తూము స్థావరము, శాసనము స్థావరము. నీరు జంగమము. నీటితో వచ్చి చేరు ఒండ్రును, దానిని మరల పొలమునకు చేర్చు చేయియు జంగమములే. ఈ రాకపోకలు నిలిచిన చెరువు కట్ట ఎంత యెత్తుగా నున్నను చెరువు కాదు.

చెరువు ఎట్లు చచ్చునో ఇచట చెప్పుట అవసరము. దీనిలో మాయ లేదు. వాన పడినపుడు ఎగువ దుక్కినుండి మన్ను కొట్టుకొని వచ్చును. వాగునీరు చెరువులో ప్రవేశించగానే వేగము తగ్గును, మోసికొని వచ్చిన మన్ను అడుగున దిగును. గర్భము మెరకయగును. అదే నీరు ఎక్కువ వెడల్పున పలుచగా పరచుకొనును గనుక ఎండకు త్వరగా ఆవిరియగును. లోతు తగ్గినచోట తూటికాడ, జమ్ము మొలచును. కట్టమీద సర్కారుతుమ్మ పెరిగి వేరులు లోనికి పోవును. అవి కుళ్లినపుడు కట్టలో దారులేర్పడును. నీరు వచ్చు కాలువను ఒకడు దున్నుకొనును, ఒకడు పూడ్చి బాట వేయును. చివరకు వానకాలమున నిండని చెరువు ఒకటియు, ఒక్కవానకే పొంగి తెగు చెరువు మఱొకటియు అగును. ఒకే రోగమునకు ఇవి రెండు లక్షణములు.

ఊరికి చేరువనున్న చెరువులకు వేఱొక రోగము కలదు. మురుగుకాలువలు వానిలోనికి తిరిగినవి. మురుగులోని సారము పాచికి ఎరువగును. పాచి పగలు నీటిలోనికి ప్రాణవాయువు నిచ్చును గాని రాత్రి తానే పీల్చుకొనును. కనుకనే అట్టి చెరువులో చేపలు తెల్లవారుజామున పైకి వచ్చి నోళ్లు తెఱచును, ఒక్కొక్కనాడు గుట్టలుగా తేలును. ఎవరో విషము కలిపిరని ఊరివారు అనుమానపడుదురు. విషము కలిపినవాడు లేడు. ఇంటింటి నీళ్లగదినుండి అందఱును కొంత కొంత కలిపిరి. గుఱ్ఱపుడెక్క పైన కప్పినచో లోనికి వెలుతురు కూడ పోదు. దానిని తీయించి కట్టమీదనే కుప్పవేయుటయు కలదు. కుళ్లిన సారము తొలివానకు తిరిగి చెరువులోనికే దిగును. తీసిన కూలి వ్యర్థము.

ఈ మెట్టలో చెరువులు ఇట్లగుటకు ఒక సంతోషవార్తయే కారణమైనది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. ఆ ప్రాజెక్టుకై పట్టుబట్టి పాటుపడిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదు ఈ ప్రాంతమువారే. ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము సీమలను దాటి నందిగామ, జగ్గయ్యపేట పొలములకు వచ్చెను. మెట్టరైతు తరతరముల కల పండెను. దానిని తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత. కాని కాలువ వచ్చినపుడు చెరువుమీది శ్రద్ధ పోయెను. రసాయనపు ఎరువులు వచ్చినపుడు ఒండ్రుమీది మక్కువ పోయెను. బోరు వచ్చినపుడు, తన బోరులోని నీరు ఏ చెరువునుండి ఊరినదో తలచు పని కూడ తప్పెను.

ఈ సీమ ఎడమకాలువ చివర నున్నది. చివర నున్నవానికి మిగిలినదే దక్కును. 2023లో వానలు లేక సాగరము నిండలేదు. మఱుసటి యేడు, 2024 ఆగస్టు చివరను సెప్టెంబరు మొదటి దినముననుగూడ కుండపోతగా కురిసెను. జగ్గయ్యపేటలో ఒక్కదినమున 20 సెంటీమీటర్లకు మించిన వాన పడెను. ఎగువన నడిగూడెము వద్ద ఎడమకాలువకే గండిపడెను. మునేరు పొంగి నందిగామ చేరువన ఐతవరము వద్ద రాజమార్గముమీదికి నీరెక్కుట 2023 జూలైలో ఒకమాఱు చూచినదే. ఇంత వానను ఏ చెరువును మ్రింగలేదనుట నిజము. అయితే గొలుసుగా నున్న చెరువులలో పైచెరువు పూడి కట్ట తెగినచో ఆ నీటి బరువు క్రింది కట్టమీద పడునని, అది రెండవదానిని, రెండవది మూడవదానిని తెంచునని వ్యవసాయదారుల కెల్లరకు తెలిసినదే. ఒక యూరివాని సోమరితనము మఱొక యూరివాని యింటిలో నీరగును. అపుడది స్వవిషయ మెట్లగును?

ఇచట రెండు ఆక్షేపణలు వచ్చును. రెండును బలమైనవే.

మొదటిది పూర్వపు ఏర్పాటును గూర్చినది. పూర్వము గ్రామస్థులు కలసి చెరువు బాగుచేసికొనెడివారని, నేడా ఐకమత్యము పోయినదని వృద్ధులు విచారింతురు. కుడిమరామతు అను పేర చెన్నపట్నపు ప్రభుత్వము ఆ యాచారమును గుర్తించి, 1858లో నిర్బంధముగా పనిచేయించుటకు చట్టము సైతము చేసెను. దశబంధము అను మాన్యముండెడిది. చెరువు త్రవ్వినవానికో బాగుచేయువానికో కొంత భూమి యిచ్చి మరమ్మతు భారమును పెట్టెడివారు. నీరటికాడని, నీరుగంటియని ప్రాంతమునకొక పేరున నీరు పంచువాడుండెడివాడు. ఇవి యన్నియు నిజములే. కాని ఆ తట్టలు మోసినవా రెవరు? చెరువుక్రింద సెంటు భూమియైన లేని మాలమాదిగలు, వెట్టివారు, వడ్డెవారు. నీరు పారినది మోతుబరి మడికి. ఆ ఐకమత్యము కొందఱి వీపుమీద నిలిచినది. వెట్టి పోవుట ధర్మము; దానితోపాటు పూడికతీత పోయినదని విలపించువాడు తానెన్నడైన తట్ట పట్టెనా యని ముందు తన్ను తా నడుగవలెను. బసవేశ్వరుని పేరు చెప్పువారికి ఈ విషయమున సంకోచ ముండరాదు. శ్రమ ఒక కులమునకును ఫలము మఱొక కులమునకును పోవు ఏర్పాటును ఆయన సహింపలేదు. కల్యాణమున రక్తపాతము జరిగినది ఈ పట్టుదల వలననే.

రెండవ ఆక్షేపణ ఇది. చెరువు సర్కారుది, రైతు పన్ను కట్టుచున్నాడు, బాగుచేయించుట సర్కారు పని. ఇదియు త్రోసిపుచ్చదగినది కాదు. సర్కారు ఊరకుండలేదు గూడ. 1883లోనే చెరువుల పునరుద్ధరణ పథకము మొదలైనది. 1997లో నీటిసంఘముల చట్టము వచ్చెను. 2006 నుండి ఉపాధిహామీలో ఎన్నో చెరువులలో కూలీలు మట్టి తీసిరి. పేదవానికి న్యాయమైన కూలి దక్కినది, అది మేలే. 2007లో ప్రపంచబ్యాంకు ఋణముతో చెరువుల నిర్వహణ పథకము, 2015లో తెలంగాణమున 46 వేలకు పైబడిన చెరువులను లక్ష్యముగా పెట్టుకొన్న మిషన్ కాకతీయ, అదే యేడు ఆంధ్రప్రదేశమున నీరు-చెట్టు, 2022లో జిల్లాకు 75 చెరువుల చొప్పున అమృత్ సరోవర్ వచ్చినవి. 2001లో సుప్రీముకోర్టు, చెరువులు సమాజపు సొత్తనియు, వానిని ఇండ్లస్థలములుగా పంచరాదనియు తీర్పు చెప్పెను. ఇన్ని జరిగియు చెరువు మరల పూడుచున్న దేమనగా, పథకమునకు ఆరంభోత్సవము కలదు, ముగింపు కలదు. ఒండ్రునకు ముగింపు లేదు. పథకముకూడ ఒక విధమైన శాసనమే. శిలాఫలకము మాఱినది, అంతే.

కొంచెము లెక్క చూచినచో ఇది తేటపడును. నీరు నిలుచు నేల నూఱెకరములు గల చెరువులో ఏటికి పావు అంగుళము ఒండ్రు చేరుననుకొందము. అది సుమారు 2,570 ఘనమీటర్లు. మూడు ఘనమీటర్ల ట్రాక్టరు తొట్టికి 857 తొట్లు. ఆయకట్టులో నూఱు కుటుంబము లున్నచో ఇంటికి తొమ్మిది తొట్లయిన కావు. వేసవిలో రెండుమూడు దినముల పని. విడిచిపెట్టినచో నలువదియెనిమిది యేండ్లకు ఒక అడుగగును, తొట్లు నలువదియొక్క వేలు దాటును. అపుడు గుత్తేదారు కావలెను, యంత్రములు కావలెను, ఋణము కావలెను, మంత్రి రావలెను. మొదటిది ఇంటిపని, రెండవది ప్రభుత్వపు పని. ఇంటిపనిని చేయక ప్రభుత్వపు పనిగా పెంచినది ఎవరు?

అయితే దీనిని కాయకమనవచ్చునా యని శాస్త్రము తెలిసినవా రడుగవచ్చును. కాయకమనగా తాను బ్రతుకుతెరువుగా ఎన్నుకొన్న పని. వర్తకునకు వర్తకము, ఉపాధ్యాయునకు బోధన. పూడిక తీయుట వారి కాయకము కాదు. ఇది సరియైన ప్రశ్న. దీనిని దాసోహమనుటయే సరి. కాయకమువలన వచ్చినదానిలో తనకు చాలినది ఉంచుకొని తక్కినది సమాజమునకు సమర్పించుట దాసోహము. చెరువునుండి పొలము త్రాగిన నీరు, బావిలో ఊరిన నీరు, బోరు తోడిన నీరు తీసికొన్న సొమ్ము. తిరిగి యిచ్చుట ఏ రూపమున? కొందఱు దేహశ్రమగా నిత్తురు, కొందఱు బండిగా, కొందఱు డబ్బుగా, కొందఱు లెక్కలు వ్రాసిపెట్టి. బిజ్జలుని కొలువులో బసవేశ్వరుడు భండారము చూచెను. లెక్క సరిగా వ్రాయుట గొప్ప సేవయని ఆయన భక్తులకు చెప్పనక్కఱలేదు. చెరువుక్రింద భూమిలేని పేటవర్తకునకు బాధ్యత లేదనుట చెల్లదు. ఆయకట్టు రైతుకంటె ఎక్కువ నీరు బోరుద్వారా తీసికొనువాడు పట్టణమున నున్నాడు.

దాసోహమునకు కొలత కలదు. ఒండ్రును తీయుమన్నచో కొందఱికి అదియే వ్యాపారమగును. ఎఱ్ఱచెలకకు ఒండ్రు బలము; నీటిని పట్టియుంచు గుణము నిచ్చును. తన చెలకకు తోలుకొనువాడు చెరువునకును పొలమునకును మేలు చేయుచున్నాడు. అమ్మకమునకు తోలువాడు ఒండ్రుతో ఆగడు. గట్టినేలను చీల్చి లోపలి మొరము వఱకు పోవును. తూము అడుగుకంటె లోతుగా తీసినచోట నిలిచిన నీరు పొలమునకు పాఱదు. కట్ట పాదము ప్రక్కన గోతులు తీసినచో కట్టయే జారును. అట్టి గోతులలో మునిగి పిల్లలు చనిపోయిన వార్తలు వేసవి సెలవులలో పత్రికలలో వచ్చుచునే యుండును. ఆయ్దక్కి మారయ్య కథ శరణుల యిండ్లలో తెలియనివారుండరు. రాలిన బియ్యమేరుకొని దాసోహము నడుపుకొను నతడు ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ, ఇంత యాశ మీకెక్కడిది, పోయి మిగిలినది అచటనే పోసిరండని పంపెను. చెరువుగట్టుమీద నిలిచి ట్రాక్టరును చూచి ఆ మాట చెప్పగల లక్కమ్మ ఊరికొకతె యుండవలెను. సంఘములలో ఆడవారి మాట చెల్లిన యూళ్లలో ఇది అసాధ్యము కాదు.

జమ్ము, రెల్లు అన్నింటిని పెఱికి అద్దమువలె చేయుటయు సరికాదు. వాగు చెరువులో చేరుచోట కొంత జమ్ము ఉండనిచ్చినచో అది మన్నును మురుగును కొంత ఆపును, పక్షులు గూడు కట్టుకొనును. దానికి ముందు కాలువలో చిన్నగుంట తీసి ఏటేట దానిని మాత్రము శుభ్రముచేసినచో చెరువు గర్భమున చేరు మన్ను సగము తగ్గకున్నను కొంతైన తగ్గును. చేపల పాటదారునకు నీరు నిలువవలెను, రైతునకు నీరు వదలవలెను. ఈ తగవు తీర్చుకొనక ఏ చెరువును బాగుపడదు.

ఇపుడు మఠములనుగూర్చి ఒక కఠినమైన మాట. అష్టావరణములలో పాదోదకము ఒకటి. గురులింగజంగమముల పాదస్పర్శచే పవిత్రమైన నీటిని భక్తుడు స్వీకరించును. ఆ నీరు మొదట ఎచటనుండి వచ్చినది? ప్లాస్టిక్ డబ్బానీటితో లింగాభిషేకము చేయుట నేడు ఎన్నో యిండ్లలో సహజమైనది. ఊరి చెరువునీరు లింగమునకు తగదని భక్తుడు తెలిసికొన్నాడన్నమాట. లింగమునకు తగని నీరు గొడ్డునకును చాకలికిని ఎట్లు తగినది? మడివాళ మాచయ్య బట్టలు ఉదికిన రేవు కూడ ఒక నీటి యొడ్డే గదా.

చెరువు మెరకపడిన చోట మొదట వచ్చునది దొంగ కాడు. తఱచుగా ఒక ధర్మకార్యమే వచ్చును. చిన్న గుడి, సత్రము, పాఠశాల, సమాధిస్థలమునకు ప్రహరి, కులసంఘపు కల్యాణమంటపము. దైవకార్యమని ఎవరును అడ్డుపెట్టరు. దాని ప్రక్కన దుకాణములు లేచును. పిదప పేదవాని గుడిసె వచ్చును. అధికారులు వచ్చినపుడు ముందు కదలునది గుడిసెయే, కల్యాణమంటపము కాదు. ఏ మఠమైనను, ఏ సంఘమైనను తన గోడ చెరువుభూమిలో నున్నదని తెలిసికొన్నపుడు ఏమి చేయవలెను? నిలిచిన కట్టడమును నిలుపుకొనుట స్థావరభక్తి. గోడను వెనుకకు జరుపుకొనుట కష్టము, ఖర్చు, అవమానము. ఆ కష్టమును ముందుగా మఠమే భరించినచో తరువాత గుడిసెవానితో మాటలాడు అధికారము దానికి కలుగును. అంతకుముందు కలుగదు. ఈ మాట కొందఱు పెద్దలకు రుచింపకపోవచ్చును. సిద్ధరామునకును అల్లముని మాట మొదట రుచింపలేదు.

సోలాపురపు చెరువు నేటికిని ఉన్నది. సంక్రాంతినాడు దాని యొడ్డున సిద్ధేశ్వరుని జాతర జరుగును. సిద్ధరాముడు కల్యాణమునకు పోయిన తరువాత ఎనిమిదివందల యేండ్లుగా దానిని బాగుచేయుచు వచ్చినవారిని గూర్చి ఏ కావ్యమును లేదు. రాఘవాంకుడు సిద్ధరామచరిత్రను వ్రాసెను గాని వారి చరిత్ర వ్రాయలేదు. వారు పని మానినచో మాత్రము జాతరకు నీటి యొడ్డు ఉండెడిది కాదు.

మెట్టచెరువులలో పని సాగు కాలము చాల స్వల్పము. చైత్రమున నీరు అడుగంటును, వైశాఖమునకు ఒండ్రు నెఱ్ఱెలు విచ్చి పెళ్లలుగా లేచును. అపుడు పలుగు సులువుగా దిగును, తొట్టి తేలికగా నిండును. తూము తలుపు విప్పి తుప్పు గీకి నూనె పెట్టుటకు, కట్టమీది తుమ్మను వేరుతో తీసి ఆ గోయిని మన్నుతో దిమ్మిసగొట్టుటకు, కలుజు రాళ్ల సందులు పూడ్చుటకు అదే అదను. రోహిణికార్తె కడచి మృగశిర చినుకు పడినచో నల్లమట్టిలో బండి ఇరుసువఱకు దిగబడును.